పళ్లకు తొడిగిన పద్దుపుస్తకం: మహిళల రగ్బీలో స్మార్ట్ మౌత్‌గార్డ్

రోట్లో తల దూర్చాక రోకటిపోటుకు వెరవకూడదన్న సామెతను రగ్బీ వాళ్లు చాలాకాలం అక్షరాలా పాటించారు. తల అదిరినా లేచి నిలబడగలిగితే ఆట సాగాల్సిందే. పోటు ఎంత బలంగా పడిందో చెప్పే సాధనమే లేదు మరి. 2023 అక్టోబర్‌లో మొదలైన డబ్ల్యూఎక్స్‌వీ అనే మహిళల అంతర్జాతీయ పోటీలతో ఆ సాధనం అంతర్జాతీయ మ్యాచ్‌ల్లోకి వచ్చింది. 2024 జనవరి నుంచి పైస్థాయి రగ్బీలో తల దెబ్బల పరీక్షలో, అంటే అందరూ హెచ్‌ఐఏ అనేదాంట్లో, భాగమైంది. 2025లో ఇంగ్లండ్‌లో జరిగిన మహిళల ప్రపంచకప్‌ నాటికి, గట్టి దెబ్బ తగిలితే పళ్ల దగ్గర ఎర్రదీపం వెలిగే రకం తయారైంది. ప్రపంచ రగ్బీని నడిపే సంస్థ వరల్డ్ రగ్బీ ఎంచుకున్న ఆ ప్రివెంట్ బయోమెట్రిక్స్ కంపెనీ వారి స్మార్ట్ మౌత్‌గార్డ్ గురించే ఈ సమీక్ష.

ముందే తేల్చి చెప్పేస్తాం. పదేళ్లు, పదిహేనేళ్లు ఆడాలనుకునే క్రీడాకారిణికి ఇది పెట్టుకోదగ్గ వస్తువే. టీవీలో ఎర్రదీపమే అందరి కళ్లలో పడుతుంది గానీ, అసలు విలువ అది వారమంతా చప్పుడు లేకుండా రాసుకునే తల దెబ్బల లెక్కలో ఉంది. ఆ లెక్క నిజమో అబద్ధమో తేల్చేది మాత్రం గార్డ్ పళ్లకు ఎంత బిగువుగా పట్టిందన్న ఒక్క సంగతే.

చూడ్డానికి మామూలు మౌత్‌గార్డ్ కన్నా కాస్త మందంగా ఉంటుంది, అంతే. ప్లాస్టిక్ పొరల మధ్య మూడు దిక్కుల్లోనూ కుదుపును కొలిచే యాక్సిలరోమీటర్, తల ఎంత వేగంగా గిర్రున తిరిగిందో కొలిచే గైరోస్కోప్, చిన్న బ్యాటరీ, బ్లూటూత్ ఉంటాయి. సెన్సర్లు సెకనుకు 3,200 సార్లు కొలుస్తాయి. ఇంత తొందర ఎందుకంటే, ట్యాకిల్‌లో, అంటే బంతి పట్టుకున్న ప్లేయర్‌ని పట్టి పడేసేటప్పుడు, తలకు తగిలే దెబ్బ మొత్తం కొన్ని పదుల మిల్లీసెకన్లలో అయిపోతుంది. అంతకన్నా నిదానంగా కొలిస్తే గ్రాఫ్‌లో శిఖరం తెగిపోయి, పెద్ద దెబ్బ కూడా చిన్నదిగా కనిపిస్తుంది. గార్డ్ నిజంగా పళ్ల మీదే ఉందా, చేతిలోనో సాక్స్‌లోనో ఉందా అని చూసే సెన్సర్ ఇంకొకటి ఉంటుంది. ఇది లేకపోతే ఈ పరికరం ఒక్క వారం కూడా నిలబడేది కాదు. ఆట ఆగిన ప్రతిసారీ గార్డ్ తీసి సాక్స్‌లో దోపుకునే అలవాటు సగం జట్టుకు ఉంటుంది. సాక్స్‌లో ఉన్నప్పుడు కాలికి తగిలిన తన్నును తల దెబ్బగా రాసుకుంటే ఇంకేమన్నా ఉందా!

సెన్సర్‌ను పళ్లకే ఎందుకు పెట్టారన్నది మంచి ప్రశ్న. చెవి వెనక చర్మానికి అంటించే పట్టీలను ముందు ప్రయత్నించారు. చర్మం జారుతుంది, చెమటకు పట్టీ వదులవుతుంది, లెక్క ఉబ్బిపోతుంది. స్క్రమ్ క్యాప్‌లో, అంటే రగ్బీ వాళ్లు పెట్టుకునే మెత్తటి టోపీలో, పెడదామంటే దాని కింద జుట్టు ఉంటుంది. పొడుగు జుట్టు ముడేసుకుని పైన టోపీ బిగించిన ప్లేయర్‌కి రెండో రక్‌కే, అంటే నేల మీది బంతి కోసం మూగి తోసుకునేటప్పుడే, టోపీ పక్కకు జరుగుతుంది. పైవరస పళ్లు పుర్రెలోకి పాతుకుని ఉంటాయి కాబట్టి పుర్రె ఎటు కదిలితే అవీ అటే కదులుతాయి. అందుకే గార్డ్ పైదవడకే తొడుగుతారు. కింది దవడ తన దారిన తాను ఊగుతుంది, దానితో పని లేదు.

అంకెల సంగతికి వద్దాం. మహిళలకు 65 జీ కుదుపు, సెకను వర్గానికి 4,500 రేడియన్ల (రేడియన్ అంటే కోణానికి కొలత) తిరుగుడు, ఈ రెండూ కలిసి దాటితే అలర్ట్ వెళ్తుంది. పురుషులకు కుదుపు హద్దు 75 జీ, తిరుగుడు హద్దు మాత్రం అదే. ఒక జీ అంటే భూమి మనల్ని లాగే బలం ఇచ్చే వేగవృద్ధి. 65 జీ అంటే దానికి 65 రెట్లు, కాకపోతే రెప్పపాటులో పదో వంతు సేపు. రెండు కొలతలు ఎందుకంటే, తల తిన్నగా వెనక్కి కుదుపుకోవడం ఒక రకం, మెడ మీద బొంగరంలా తిరగడం ఇంకో రకం. మెదడును ఎక్కువ లాగి పిండేది రెండోదే.

మహిళలకు హద్దు తక్కువ పెట్టడాన్ని ఎవరో చేసిన దయగా చూడొద్దు. సగటున మెడ చుట్టుకొలత, మెడ బలం తక్కువ ఉన్నచోట అదే తాకిడికి తల ఎక్కువ వేగంగా ఊగుతుంది. యూనివర్సిటీ స్థాయి ఆటగాళ్ల మీద స్వాన్సీ యూనివర్సిటీ వాళ్లు చేసిన అధ్యయనంలో ఇంకో తేడా బయటపడింది. ఆడవాళ్లలో తల దెబ్బలు ఎక్కువగా ట్యాకిల్ తర్వాత నేలకు పడేటప్పుడు, తల కొరడాలా వెనక్కి విరుచుకుపడి తగిలినవి. మగవాళ్లలో అలాంటివి దాదాపు లేవు. భుజం తగిలిన క్షణాన్నే చూసే కోచ్‌కి ఇది కనిపించదు, ఆ తర్వాతి అర సెకనులో జరుగుతుంది కాబట్టి. గార్డ్ గ్రాఫ్‌ని వీడియోతో జతచేసి చూస్తే మొదటి శిఖరం చిన్నగా, నేల తాకినప్పటి రెండో శిఖరం పెద్దగా కనిపిస్తుంది. అలాంటి ప్లేయర్‌కి ట్యాకిల్ పాఠం కన్నా పడే పాఠం ముందు చెప్పాలి: గడ్డం ఛాతీకి ఆనించుకోవడం, వీపు గుండ్రంగా వంచడం, ముందు తుంటి, తర్వాత భుజం నేలకు తగలనివ్వడం. దాంతోపాటు మెడ వ్యాయామాలు. నుదుటి మీద, తల వెనక, రెండు పక్కలా అరచేయి ఒత్తిపెట్టి తల కదలకుండా నిలబెట్టేవి చాలు, మొదలుపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఐదు ప్రపంచకప్‌లు ఆడిన సెంటర్ స్థానంలో ఆడే ఇంగ్లండ్ క్రీడాకారిణి ఎమిలీ స్కారట్ 2023లో మెడకు ఆపరేషన్ చేయించుకుని మళ్లీ మైదానంలోకి వచ్చింది. ఈ ఆటలో మెడ ఎంత మోస్తుందో చెప్పడానికి అది చాలు.

ఇక బిగువు సంగతి. సమీక్షలో అన్నిటికన్నా ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలి. ఎందుకంటే ఫిర్యాదుల్లో ఎక్కువ శాతానికి మూలం సెన్సర్‌లో ఉండదు, కొలత తీసిన రోజునే ఉంటుంది. అంతర్జాతీయ జట్లకు పళ్లను త్రీడీ స్కాన్ చేసి, ఆ నమూనా మీద ఎవరిది వాళ్లకే తయారు చేస్తారు. స్కాన్‌లో చివరి దంతాల వెనక భాగం, చిగుళ్ల అంచు స్పష్టంగా రాకపోతే గార్డ్ ముందువైపు పట్టేసి వెనకవైపు పైకి లేస్తుంది. వచ్చిన రోజే చూసుకోవాల్సినవి మూడు నాలుగే. గార్డ్ తొడిగి నోరు పూర్తిగా తెరిచి తల కిందికి వంచాలి, అది కదలకూడదు. నాలుకతో వెనక అంచును కిందికి నెట్టాలి, టక్కున ఊడిరాకూడదు. లైనౌట్ (గీత బయటి నుంచి బంతిని లోపలికి విసిరే ఘట్టం) కాల్ గట్టిగా అరిచి చూడాలి, అక్షరాలు నలగకుండా పలకాలి. చివరగా పళ్లు కొరుకుతూ గార్డ్ మీద వేలు ఆనించాలి. వేలికి కటకటమని కదలిక తెలిస్తే ఆ గార్డ్‌ని వెనక్కి పంపించాల్సిందే, మొహమాటం వద్దు.

వదులు గార్డ్ చేసే నష్టం రెండు రకాలు. తల కదిలాక గార్డ్ ఆలస్యంగా కదిలి పళ్లకు కొట్టుకుంటే, ఆ కొట్టుకోవడమే పెద్ద దెబ్బగా నమోదవుతుంది. లేదా మెత్తగా జారిపోయి అసలు దెబ్బను మింగేస్తుంది. మొదటిది చికాకు, రెండోది ప్రమాదం. సాఫ్ట్‌వేర్ ప్రతి గ్రాఫ్ ఆకారాన్నీ చూసి ఇది తల దెబ్బా, నమలడమా, అరుపా అని వడపోస్తుంది. నిజమైన దెబ్బ గ్రాఫ్ నున్నగా లేచి దిగుతుంది. నమిలినప్పుడు వచ్చేది ముళ్లకంచెలా సన్నటి, పదునైన గీతలతో ఉంటుంది. వడపోత బాగానే పనిచేస్తుంది గానీ, గార్డ్‌ని చూయింగ్‌గమ్‌లా నములుతూ ఆడే ప్లేయర్ దగ్గర అది కూడా తడబడుతుంది. పైగా నమిలే కొద్దీ ప్లాస్టిక్ పలచబడి, లోపలి సర్క్యూట్ పలకకు తడి చేరుతుంది. ఇక అది పోయినట్టే.

ఎవరికి సరిపడదంటే, పళ్లకు క్లిప్పులున్నవాళ్లకు. క్లిప్పులతో పళ్లు నెలనెలా జరుగుతూ ఉంటాయి, స్కాన్ తీసిన నోరు తయారై వచ్చేసరికి వేరే నోరైపోతుంది. జ్ఞానదంతం తీయించుకున్నా, కొత్తగా పన్ను కట్టించుకున్నా మళ్లీ స్కాన్ తప్పదు. పద్దెనిమిది పందొమ్మిదేళ్ల వయసులో జాతీయ శిబిరానికి పిలుపొచ్చే అమ్మాయిల్లో ఇది తరచూ ఎదురయ్యే చిక్కే.

మ్యాచ్‌లో అలర్ట్ వస్తే ఏం జరుగుతుందన్నది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. అలర్ట్ అంటే కంకషన్ (తల అదిరి మెదడు దెబ్బతినడం) అని కాదు, పరీక్షకు రమ్మని పిలుపు. ప్లేయర్ బయటికి వెళ్తుంది, ఆమె స్థానంలో తాత్కాలికంగా ఇంకొకరు వస్తారు. లోపల డాక్టర్ లక్షణాలు అడుగుతారు, పదాల జాబితా చెప్పి గుర్తుపెట్టుకోమంటారు, అంకెలు వెనక నుంచి చెప్పిస్తారు, గీత మీద మడమకు కాలి వేలు ఆనించి నడిపిస్తారు, కాసేపాగి ముందు చెప్పిన పదాలు మళ్లీ అడుగుతారు. వచ్చిన ఫలితాన్ని సీజన్ మొదట్లో ఆమె ఇదే పరీక్షలో తెచ్చుకున్న మార్కులతో పోలుస్తారు. దీనంతటికీ 12 నిమిషాలు. ఆలోపు నెగ్గి రాకపోతే ఆమె ఆట ఆ రోజుకు అయిపోయినట్టే. స్పృహ తప్పడం, కాళ్లు తడబడటం లాంటివి ఎదురుగా కనిపిస్తే ఈ పరీక్ష కూడా ఉండదు, నేరుగా బయటికే. నెగ్గినవాళ్లను కూడా మ్యాచ్ అయ్యాక ఆ రోజే ఒకసారి, రెండు రాత్రులు గడిచాక మరోసారి చూస్తారు, ఎందుకంటే కొందరిలో లక్షణాలు నిదానంగా బయటపడతాయి. ఇంకో మెలిక ఉంది. పైస్థాయి పోటీల్లో గార్డ్ పెట్టుకోని ప్లేయర్‌కి ఈ 12 నిమిషాల అవకాశం లేదు. అనుమానం వస్తే శాశ్వతంగా బయటికే. బలవంతం పేరెత్తకుండా బలవంతపెట్టే పద్ధతి ఇది. పని చేసింది కూడా.

తొలి రోజుల్లో గొడవలు లేకపోలేదు. 2024లో పురుషుల లీగ్ సూపర్ రగ్బీ పసిఫిక్ ఆరంభంలోనే, చూపుకు దెబ్బేమీ కనిపించకుండానే ప్లేయర్లను బయటికి పిలవడం పెద్ద రభస అయింది. గార్డ్ నుంచి మైదానం గట్టు మీది ట్యాబ్లెట్‌కి, అక్కడి నుంచి డాక్టర్‌కి, డాక్టర్ నుంచి రిఫరీకి కబురు వెళ్లాలి. పదహారు మంది దేహాల కింద, రెండు జట్లూ తలలు దూర్చి తోసుకునే స్క్రమ్ అడుగున ఉన్న గార్డ్ బ్లూటూత్ సంకేతం అంత దూరం చేరడానికి తడుముకుంటుంది. ఈలోగా ఆట రెండు దశలు దాటిపోతుంది. ప్లేయర్‌కి తనకు ఏ దెబ్బకు పిలుపొచ్చిందో కూడా అర్థం కాదు. ప్రపంచకప్‌లో వచ్చిన ఎర్రదీపం ఈ కబుర్ల గొలుసును తెంపేసింది. దెబ్బ తగిలిన నోట్లోనే దీపం వెలిగితే ఎదురుగా ఉన్న రిఫరీకీ, పక్కనున్న సహచరికీ అప్పుడే తెలిసిపోతుంది. ఇది నిజమైన మెరుగుదల. అయితే నోరు మూసుకుంటే దీపం కనిపించదు. నేల మీద బోర్లా పడి ఉన్న ప్లేయర్ దీపం గడ్డికే కనిపిస్తుంది. కాబట్టి ట్యాబ్లెట్ దగ్గర కూర్చున్న మనిషి పని ఇంకా పోలేదు.

ఇప్పుడు అసలు విషయం, వారం లెక్క. ఇంగ్లండ్ మహిళలకు 15 మంది ఆటలో 28 పూర్తికాల ఒప్పందాలు మొదలైంది 2019 జనవరిలో. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీస్ చేసిన తరం పోయి, రోజంతా శిబిరంలో ఉండే తరం వచ్చింది. ఎక్కువ ప్రాక్టీస్ అంటే ఎక్కువ ట్యాకిల్స్. కెరీర్ మొత్తంలో తలకు తగిలే వాటిని లెక్కేస్తే ప్రాక్టీస్ వాటా చిన్నదేమీ కాదు, అక్కడ కెమెరాలు తక్కువ, డాక్టర్ చూపు తక్కువ. 2021లో వరల్డ్ రగ్బీ, ప్లేయర్ల సంఘంతో కలిసి పైస్థాయి జట్లకు ఓ హద్దు గీసింది: వారానికి పూర్తి కాంటాక్ట్ (దేహాలు ఢీకొనే ప్రాక్టీస్) 15 నిమిషాలు, అదుపులో ఉండే కాంటాక్ట్ 40 నిమిషాలు, స్క్రమ్, లైనౌట్ లాంటి సెట్‌పీస్‌ల నిజమైన ప్రాక్టీస్ 30 నిమిషాలు. కాగితం మీద బాగుంది. ‘అదుపులో ఉండే’ ట్యాకిల్ పోటీ పట్టుదల వల్ల నిజం ట్యాకిల్‌గా మారడానికి మాత్రం రెండు నిమిషాలు చాలు. ప్రాక్టీస్‌లో గార్డ్ పెట్టుకుంటే ఆ అబద్ధం గురువారం సాయంత్రానికే బయటపడుతుంది.

ఆ లెక్కను ఎలా చదవాలో కూడా తెలియాలి. ఒక్క పెద్ద అంకెను చూసి బెంబేలెత్తడం దండగ. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ క్లబ్ స్థాయి ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనంలో 86 శాతం తల కుదుపులు పరుగెత్తడం, గెంతడం, తాడాట లాంటి వాటిలో వచ్చేంతో అంతకన్నా తక్కువో ఉన్నాయని తేలింది. చూడాల్సింది మిగతా వాటిని. స్క్రమ్ అంచున ఉండే ఒక ఫ్లాంకర్‌కి వారాల తరబడి ఎడమ భుజం ట్యాకిల్‌లోనే పెద్ద కుదుపులు వస్తుంటే ఆమె తల తప్పు పక్కన పెడుతోందని అర్థం. స్క్రమ్ ముందు వరుసలో తోసే ఒక ప్రాప్‌కి ఆఖరి ఇరవై నిమిషాల్లోనే లెక్క పెరుగుతుంటే అది అలసట, టెక్నిక్ లోపం కాదు. ఒక్కోదానికి మందు వేరు. సారా హంటర్ 2007 నుంచి 2023 దాకా ఇంగ్లండ్‌కు 141 మ్యాచ్‌లు ఆడింది, అందులో చాలాకాలం ఆటకు ఇలాంటి పద్దే లేదు. ఇప్పుడు మొదలుపెట్టే అమ్మాయికి ఉంటుంది.

పరికరం వాడకంలో చిన్న చిన్న చిక్కులు ఇవి. ఛార్జింగ్ పెట్టెలో గార్డ్ సరిగ్గా కూర్చోకపోతే రాత్రంతా పెట్టినా ఛార్జ్ ఎక్కదు, మూత వేసేముందు దీపం వెలిగిందో లేదో చూసుకోవాలి. కడగడానికి చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్, కాస్త సబ్బు. వేడినీళ్లు తగిలితే ప్లాస్టిక్ వంగిపోయి, మొదట్లో ఉన్న బిగువు పోతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసినా అంతే. తడి మీదే పెట్టెలో పెట్టి మూసేస్తే వాసన వస్తుంది, ఛార్జింగ్ పిన్నుల దగ్గర తుప్పు మొదలవుతుంది. శిబిరంలో ఇరవై ముప్పై గార్డులు ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి పేరు పెట్టె మీద ఉంటే చాలదు, గార్డ్ మీదా ఉండాలి.

ఇది కంకషన్‌ను ఆపదు, ఆ మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. పళ్లను, పెదాలను కాపాడుతుంది, కుదుపును కొలుస్తుంది. హద్దు దాటని దెబ్బకు కంకషన్ రావచ్చు, హద్దు దాటిన దెబ్బకు రాకపోవచ్చు. దీపం వెలగలేదు కాబట్టి బాగానే ఉన్నానని ప్లేయర్ అనుకోవడమే ఈ పరికరం తెచ్చిపెట్టే పెద్ద ప్రమాదం. తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మాట వెతుక్కోవడం ఉంటే దీపంతో పనిలేకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గట్టు మీద డాక్టర్, గ్రాఫ్ చదివే మనిషి లేని క్లబ్ జట్టుకు ఇది దండగే. వాళ్లు దంతవైద్యుడి దగ్గర కొలతకు చేయించిన మామూలు గార్డ్ తీసుకుంటే సరిపోతుంది. అదీ కుదరకపోతే వేడినీళ్లలో ముంచి కొరికే రకం. దాన్ని పాడుచేసుకునేది తొందరే: మరిగే గిన్నెను పొయ్యి మీంచి దింపాక, కంపెనీ చెప్పినన్ని సెకన్లే ముంచాలి, ఒక్క క్షణం చల్లటి నీళ్లలో ఆడించి తొడగాలి, పైపెదవి మీంచి వేళ్లతో చిగుళ్లకేసి నొక్కుతూ లోపలికి గాలి పీల్చాలి. గట్టిగా కొరికేస్తే దంతాల కింద ప్లాస్టిక్ పలచబడి, రక్షణ అక్కడే పోతుంది.

జాతీయ ఒప్పందం మీద సంతకం చేయబోయే క్రీడాకారిణి గార్డ్ తీసుకునేముందు రాతలో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ అంకెలు డాక్టర్ దగ్గరే ఆగుతాయా, సెలెక్టర్ల బల్ల మీదికి వెళ్తాయా? క్లబ్ మారితే పాత లెక్క ఎవరి దగ్గర ఉంటుంది? ఆట మానేశాక, పదేళ్ల తర్వాత ఆమె తన న్యూరాలజిస్ట్‌కి చూపించాలంటే ఫైల్ చేతికిస్తారా?